కిడ్నీ మార్పిడి తర్వాత వైరస్ వల్ల వచ్చే క్యాన్సర్‌ను తొలిదశలోనే ఎలా పట్టుకోవాలి?

కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా టాక్రోలిమస్, మైకోఫినోలేట్ లాంటి మందులు రోగనిరోధక శక్తిని అణచి ఉంచుతాయి. కాపలా తగ్గితే ఒంట్లో ఏళ్లుగా నిద్రపోతున్న వైరస్‌లు లేస్తాయి. వాటిలో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఎప్‌స్టీన్-బార్ వైరస్ (ఈబీవీ) విషయంలో. చాలామందికి చిన్నప్పుడే సోకి, తెల్ల రక్తకణాల్లో ఉండిపోతుంది. అదుపు తప్పితే పీటీఎల్‌డీ అనే లింఫోమాకు (తెల్ల రక్తకణాల క్యాన్సర్‌కు) దారితీయవచ్చు.

మొదటి పని ఆపరేషన్‌కు ముందే. దాతకు, రోగికి ఇద్దరికీ ఈబీవీ ఐజీజీ పరీక్ష (వైరస్ ఇంతకు ముందే సోకిందో లేదో చెప్పే రక్తపరీక్ష) చేయించండి. దాతకు పాజిటివ్, రోగికి నెగటివ్ అయితే ముప్పు అందరికంటే ఎక్కువ. పిల్లల్లో ఇలా తరచూ జరుగుతుంది. ఫలితాన్ని ఫైలు మొదటి పేజీలోనే రాసిపెట్టుకోండి. హెపటైటిస్-బి, హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) టీకాలు కూడా అప్పుడే వేయించుకోవాలి, మార్పిడి తర్వాత అవి అంత బాగా పట్టవు.

తర్వాత ఏడాదిపాటు రక్తంలో వైరస్ లెక్క చూడాలి. ముప్పు ఎక్కువున్నవారికి మొదటి వారంలో ఒకసారి, ఆపై 3 నుంచి 6 నెలల వరకు నెలకోసారి, ఏడాది నిండేదాకా 3 నెలలకోసారి ఈబీవీ పీసీఆర్ చేస్తారు. రిజెక్షన్‌కు, అంటే శరీరం కిడ్నీని తిప్పికొడితే దానికి, చికిత్స జరిగితే మళ్లీ చేయాలి. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌కు వెళ్లండి. ఒక ల్యాబ్ అంకె ఇంకో ల్యాబ్ అంకెతో సరిపోలదు, పైగా ఒక్క అంకె కన్నా అది పెరుగుతున్న తీరే ముఖ్యం.

ఇంట్లో నెలకోసారి స్నానం చేసేటప్పుడు సబ్బు చేత్తో మెడకు రెండు పక్కలా, చంకల్లో, గజ్జల్లో వేళ్ల కొసలతో మెల్లగా తడమండి. నొప్పి లేకుండా బిళ్ల కట్టి రెండు వారాలైనా తగ్గకపోతే, కారణం తెలియని జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌కు చెప్పండి. కడుపునొప్పి, నల్లటి విరేచనాలైతే అదే రోజు వెళ్లాలి, పీటీఎల్‌డీ పేగుల్లోనూ వస్తుంది. ఆడవాళ్లు గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎంత తరచుగా చేయించాలో డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి.

అసలు పొరపాటు ఇక్కడే జరుగుతుంది. మన దగ్గర మెడలో బిళ్ల, జ్వరం అనగానే టీబీ అనుకుంటారు. అది నిజంగా టీబీ కావచ్చు కూడా. కానీ పరీక్ష లేకుండా మందులు మొదలుపెడితే రెండు విధాలా నష్టం: లింఫోమా ముదురుతుంది, టీబీ మందు రిఫాంపిసిన్ వల్ల టాక్రోలిమస్ మోతాదు రక్తంలో పడిపోయి కిడ్నీ రిజెక్ట్ కావచ్చు. సూదితో తీసిన నమూనా చాలాసార్లు సరిపోదు. వీలైతే బిళ్ల మొత్తం తీసి బయాప్సీకి పంపమని, అందులో ఈబీవీ పరీక్ష కూడా చేయమని అడగండి.

క్యాన్సర్ భయంతో రోగనిరోధక శక్తిని అణచే మాత్రలు మాత్రం మీరే ఆపకండి. పీటీఎల్‌డీ అని తేలితే సాధారణంగా ముందు ఆ మందులే తగ్గిస్తారు. అయితే ఎంత తగ్గించాలో డాక్టర్లు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసుకుంటూ నిర్ణయిస్తారు, అవసరమైతే రిటుక్సిమాబ్ అనే లింఫోమా మందు ఇస్తారు.