చర్చిల్‌లో తెల్ల ఎలుగులు చూడబోయే ముందు

కెనడాలోని మానిటోబాలో, హడ్సన్ అఖాతం ఒడ్డున ఉన్న చర్చిల్ జనాభా వెయ్యికి లోపే. అక్టోబరు, నవంబరుల్లో తెల్ల ఎలుగులు సముద్రం గడ్డకట్టడం కోసం ఈ తీరంలో కాచుకుని ఉంటాయి. మంచు గడ్డ మీదైతేనే వాటికి సీళ్లు దొరుకుతాయి. వేసవి నుంచి దాదాపు పస్తులే. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఆ ఆకలి వల్లే.

ఎలుగుల్ని చూపించడానికి తిప్పే పెద్ద చక్రాల ఎత్తైన బండి, టండ్రా బగ్గీలో ఉన్నంతసేపు పెద్ద భయం లేదు. కిటికీలోంచి చెయ్యి, తల బయట పెట్టకండి, తినేది ఏదీ కింద పడేయకండి. అసలు ముప్పు ఊళ్లోనే, హోటల్ నుంచి భోజనానికి నడిచే ఆ రెండు వీధుల్లోనే.

నవంబరు రెండో వారానికి సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకుతుంది. చీకటి పడ్డాక ఎంత దగ్గరైనా నడవొద్దు, బండి పిలిపించుకోండి. పగలైనా ఊరి వెనక సముద్రపు ఒడ్డుకు, బండరాళ్ల వైపు గైడు లేకుండా వెళ్లొద్దు. రాళ్ల చాటున పడుకున్న ఎలుగు బాగా దగ్గరికి పోయేదాకా కనిపించదు. ఇంటి మూల తిరిగేటప్పుడు గోడను రాసుకుంటూ పోకుండా, దూరంగా జరిగి అటువైపు చూసి నడవండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, జేబుల్లో చిరుతిండి వద్దు. టోపీ కళ్ల పక్కలు మూసేస్తే అప్పుడప్పుడూ వెనక్కి లాగి చుట్టూ చూడాలి.

ఎలుగు దూరంగా కనిపిస్తే ఫొటో కోసం ఆగకుండా లోపలికి వెళ్లి, ఎలుగు కనిపించిందని చెప్పడానికి ఉన్న పోలార్ బేర్ అలర్ట్ నంబరుకు ఫోన్ చేయండి. దిగిన రోజే ఆ నంబరు ఫోన్లో దాచుకోండి. ఇలాంటప్పుడు పనికొస్తాయనే ఇక్కడ చాలామంది కార్లకు తాళాలు వేయరు. దగ్గర్లో ఏది ఉంటే అందులో దూరండి. ఎదురుపడితే మాత్రం పరుగు తీయొద్దు, అది గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తగలదు. అందరూ ఒక్కచోట చేరి, వీపు చూపకుండా మెల్లగా వెనక్కి జరగండి. మీద పడితే చచ్చినట్టు పడుకోవడం పనిచేయదు, చేతికందిన దానితో తిరగబడాల్సిందే. బేర్ స్ప్రే (ఎలుగు మీద కొట్టే కారపు పిచికారీ) విమానంలో తీసుకెళ్లనివ్వరు. వాడాల్సి వస్తే గాలి ఎటు వీస్తోందో చూసుకోండి, ఎదురుగాలైతే మీ కళ్లలోనే పడుతుంది.

చలికి మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు మూడు జతల సాక్సులు వేసి బూట్లలో కాళ్లు ఇరికించడం. బిగిస్తే రక్తం ఆడక వేళ్లు ముందే తిమ్మిరెక్కుతాయి. బూటు ఒక సైజు పెద్దది తీసుకుని, ఉన్ని సాక్సులు వేసుకుని, లోపల వేళ్లు ఆడుతున్నాయో లేదో చూసుకోండి. ఒంటికి తగిలే పొర నూలుది వద్దు, చెమటకు తడిస్తే ఆరదు. మెటల్ కమ్మలు, ముక్కుపుడక బయటికి వెళ్లేటప్పుడు తీసేయండి, చలికి లోహం చర్మాన్ని గడ్డకట్టిస్తుంది. ముక్కు, చెంపలు తెల్లబడి స్పర్శ పోతే రుద్దకుండా వెచ్చటి అరచేతితో కప్పి లోపలికి రండి. కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది, పెదాలకు వాజిలిన్ తెచ్చుకోండి.

కెమెరా బ్యాటరీలు చలికి త్వరగా దిగిపోతాయి, అదనపువి లోపలి జేబులో ఒంటి వెచ్చదనానికి ఉంచండి. గదిలోకి రాబోయే ముందు కెమెరాను బయటే జిప్ కవర్లో పెట్టి మూసేయండి. లేదంటే తేమ లెన్స్ లోపల చేరుతుంది.

శాకాహారులకు హోటళ్లలో దొరికేది తక్కువ, సరుకుల ధరలు ఎక్కువ. వేడినీళ్లతో అయిపోయే ఉప్మా, పులిహోర ప్యాకెట్లు చర్చిల్‌కు బయల్దేరే ముందు మానిటోబా రాజధాని విన్నిపెగ్‌లోనే కొనుక్కుంటే కస్టమ్స్ బెడద ఉండదు.

భారత పాస్‌పోర్టుతో అమెరికాలో హెచ్1బి మీద ఉన్నవాళ్లకు కెనడా వీసా విడిగా కావాలి. గ్రీన్‌కార్డు ఉంటే అక్కర్లేదు, కార్డు, పాస్‌పోర్టు రెండూ చూపాలి. చర్చిల్‌కు రోడ్డు లేదు. విన్నిపెగ్ నుంచి విమానమైతే రెండు గంటల పైచిలుకు, రైలైతే దాదాపు రెండు రోజులు. తుపాను పడితే విమానాలు ఆగుతాయి, రైలూ ఆలస్యం కావచ్చు. జబ్బు ముదిరితే విన్నిపెగ్‌కు విమానంలోనే తరలించాలి, ఆ ఖర్చు భరించే బీమా తీసుకోండి. అంతర్జాతీయ విమానానికి ముందు విన్నిపెగ్‌లో కనీసం రెండు రోజులు ఖాళీగా ఉంచుకుని టికెట్లు తీయండి.