కరెంటు పోయిన రాత్రి మోగే అలారం: సెన్సర్ మార్చే ముందు బ్యాటరీని పరీక్షించండి

హైదరాబాద్‌లో ఈదురుగాలుల వానలు మొదలైన రోజుల్లో నాకు వచ్చే ఫోన్లు దాదాపు అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. రాత్రి రెండు గంటలకు ఇంటి దొంగల అలారం హూటర్ (పెద్దగా మోగే సైరన్) మోగిందని, ఇంట్లోకి ఎవరూ రాలేదని, సెన్సర్ పాడైనట్టుంది కాబట్టి కొత్తది తెచ్చి బిగించాలని అడుగుతారు. నేను చూసినంతవరకు ఇటువంటి ఇళ్లలో సెన్సర్ నిజంగా పాడైన సందర్భాలు చాలా తక్కువ. ప్యానెల్‌ను (అలారాన్ని నడిపే పెట్టెను) ఆర్మ్ చేయడం అంటే కాపలాకు పెట్టడం, ఒక జోన్‌ను (ఒక సెన్సర్ కాసే చోటును) బైపాస్ చేయడం అంటే తాత్కాలికంగా పక్కన పెట్టడం, మల్టీమీటర్‌తో వోల్టేజి చూడడం మీకు తెలుసునన్న నమ్మకంతో నేరుగా విషయంలోకి వెళుతున్నాను.

ఏ లక్షణం కనబడినా ముందుగా చేయవలసినవి రెండే పనులు. మొదటిది ప్యానెల్‌లోని ఈవెంట్ లాగ్‌ను, అంటే జరిగినవన్నీ వరుసగా నమోదయ్యే చిట్టాను చదవడం. రెండవది కరెంటు బోర్డులోని ఎంసీబీ స్విచ్ దించి, ప్యానెల్‌ను దాని సొంత బ్యాటరీ మీదే ఉంచి, హూటర్‌ను రెండు నిమిషాలు మోగించడం. రెండవ పనిని దాదాపు ఎవరూ చేయరు. ఇరుగుపొరుగుకు ఇబ్బంది అవుతుందన్న మొహమాటమే కారణమైతే, పగటిపూట వారికి ఒక మాట చెప్పి చేయండి.

లక్షణం: అర్ధరాత్రి ఒకే జోన్ మోగుతుంది, తెల్లవారి చూస్తే అంతా సవ్యంగా ఉంటుంది

సైనిక్‌పురిలో ఒక రెండంతస్తుల ఇంట్లో వైర్డ్ అలారం బిగించిన నాలుగో ఏట, మేడ మీద హాల్లోని మోషన్ సెన్సర్ రాత్రిళ్లు మోగడం మొదలుపెట్టింది. నేను వెళ్లి సెన్సర్ మార్చాను. పది రోజులకు మళ్లీ మోగింది. బల్లి లోపలికి దూరిందేమోనని వైరు వచ్చే రంధ్రాన్ని సిలికాన్‌తో మూసి, ఇంకొక సెన్సర్ పెట్టాను. మళ్లీ మోగింది. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు పెద్దవాళ్లు. మూడోసారి వెళ్లేసరికి వారు రాత్రిపూట అలారం ఆర్మ్ చేయడమే మానేశారు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది, ఎందుకంటే ఉత్తుత్తిగా మోగే అలారం ఇంటివారి నమ్మకాన్ని పోగొట్టి, చివరకు అలారం లేని ఇంటినే మిగులుస్తుంది.

ఆ రోజు లాగ్ మొత్తం కూర్చుని చదివితే, ప్రతి అలారానికి కొన్ని సెకన్ల ముందు కరెంటు పోయినట్టు ఒక నమోదు కనిపించింది. అంతవరకు నేను అలారం వచ్చిన జోన్ నంబరును మాత్రమే చూసి, దాని పై వరుసను చదవకుండా వదిలేశాను.

జరుగుతున్నది ఇది. వైర్డ్ మోషన్ సెన్సర్‌లోని రిలే (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్) మామూలు సమయంలో కరెంటు తీసుకుంటూ మూసుకుని ఉంటుంది, కదలిక కనబడితే తెరుచుకుంటుంది. సరఫరా పడిపోయినా అది అలాగే తెరుచుకుంటుంది, ఎందుకంటే దొంగ సెన్సర్‌కు వెళ్లే కరెంటును తెంపినా అలారం మోగాలన్న ఉద్దేశంతోనే దానిని అలా తయారు చేస్తారు. ఈ సెన్సర్లు ఎక్కువగా 9 నుంచి 16 వోల్టుల మధ్య పనిచేస్తాయి. కరెంటు ఉన్నంతసేపు ప్యానెల్‌లోని చార్జర్ 13.6 వోల్టుల దాకా ఇస్తూ ఉంటుంది కాబట్టి, చచ్చిపోయిన బ్యాటరీ కూడా దాని చాటున ఆరోగ్యంగా కనిపిస్తుంది. కరెంటు పోయిన క్షణంలో భారమంతా బ్యాటరీ మీద పడుతుంది. సరిగ్గా అప్పుడే ప్యానెల్‌లో సిమ్‌తో పనిచేసే జీఎస్ఎం మాడ్యూల్ యజమానికి కబురు పంపడానికి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. పాతబడిన బ్యాటరీలో అంతర్గత నిరోధం పెరిగి ఉంటుంది కనుక వోల్టేజి ఒక్క క్షణం కుంగిపోతుంది, రిలే తెరుచుకుంటుంది, హూటర్ మొదలవుతుంది, హూటర్ లాగే కరెంటుతో వోల్టేజి మరింత కుంగుతుంది.

అన్ని సెన్సర్లూ కాకుండా ఆ ఒక్కటే ఎందుకు మోగింది అన్న ప్రశ్నే నన్ను అన్నాళ్లు తప్పుదోవ పట్టించింది. జవాబు వైరింగ్‌లో ఉంది. సన్నటి అలారం కేబుల్‌లో ఒక్కో తీగకు వంద మీటర్లకు సుమారు 8 ఓముల నిరోధం ఉంటుంది. సెన్సర్ ఒక్కటే ఉంటే అది లాగే కొద్ది మిల్లీయాంపులకు ఈ నిరోధం లెక్కలోకి రాదు. కాని ఆ ఇంట్లో మేడ మీది హూటర్‌కు విడిగా కేబుల్ లాగకుండా, సెన్సర్‌కు వెళ్లే తీగల జంట నుంచే కరెంటు ఇచ్చారు. ప్యానెల్ నుంచి 20 మీటర్ల దూరం అంటే పోను రాను 40 మీటర్లు, అంటే మూడు ఓములకు పైనే. ఒక యాంపు లాగే హూటర్ మోగితే దారిలోనే మూడు వోల్టులు పోతాయి. బలహీనమైన బ్యాటరీ మీద మిగిలేది 9 వోల్టులకు తక్కువే. చివరన ఉన్న ఆ సెన్సర్ తేరుకోలేక పడిపోతుంది, లాగ్‌లో దాని పేరే పడుతుంది.

పరిష్కారానికి పరీక్షతోనే మొదలుపెట్టాలి. ఎంసీబీ దించి ఐదు నిమిషాలు ఆగి, హూటర్ మోగుతుండగా బ్యాటరీ కొనల దగ్గర వోల్టేజి చూడండి. మంచి 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే నిల్వ సామర్థ్యం) బ్యాటరీ అయితే 12 వోల్టుల దగ్గరే నిలబడుతుంది. 11.5కు దిగితే మార్చేయండి. తరువాత అదే సమయంలో అన్నిటికన్నా దూరంగా ఉన్న సెన్సర్ దగ్గర కొలవండి. బ్యాటరీ దగ్గర బాగుండి అక్కడ రెండు వోల్టుల కన్నా ఎక్కువ తగ్గితే తప్పు కేబుల్‌ది. హూటర్‌కు విడి జంట లాగాలి. చివరగా ఎంసీబీ మళ్లీ ఎత్తి, బ్యాటరీ తీగలు విప్పి చార్జర్ కొనల దగ్గర కొలవండి: 13.5 నుంచి 13.8 వరకు ఉంటే సరిపోతుంది, 14.4 దాటితే కొత్త బ్యాటరీ కూడా కొన్ని నెలలలో ఉబ్బిపోతుంది.

కోఠి గుజరాతీ గల్లీలో బ్యాటరీ కొనేటప్పుడు తయారీ తేదీ చూసి, దుకాణంలోనే మీటరు పెట్టించండి. 12.6 కన్నా తక్కువ చూపించేది చాలాకాలం అరలో ఉండిపోయినదే. బిగించిన రోజు తేదీని దాని మీద మార్కర్‌తో రాయండి. ఇటువంటి బ్యాటరీలు సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు వస్తాయి, కాని పది డిగ్రీల వేడి పెరిగిన కొద్దీ ఆయువు సగానికి పడిపోతుంది. మే నెల ఎండకు మేడ మీది గదిలో స్లాబు కింద అటక మీద ప్యానెల్ పెట్టిన ఇళ్లలో రెండేళ్లకే మార్చవలసి వచ్చింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని చాలామంది అంటారు. ప్యానెల్ ఉన్న సాకెట్ ఇన్వర్టర్ లైనులో ఉందో లేదో ఎంసీబీ దించినప్పుడే తెలుస్తుంది, నేను చూసిన ఇళ్లలో ఎక్కువ వాటిలో లేదు.

లక్షణం: వైర్‌లెస్ వ్యవస్థ ఎప్పుడూ ఉత్తుత్తిగా మోగదు, కాని మోగవలసినప్పుడు కూడా మోగదు

వైర్డ్ మంచిదా వైర్‌లెస్ మంచిదా అని అడిగేవారికి నేను ఈ రెండు లక్షణాలను పక్కపక్కన పెట్టి చూపిస్తాను. వైర్‌లెస్ సెన్సర్‌కు సొంత బ్యాటరీ ఉంటుంది కాబట్టి ప్యానెల్ వోల్టేజి కుంగినా దానికి సంబంధం లేదు. కాని చౌకగా దొరికే 433 మెగాహెర్ట్జ్ సెన్సర్లలో చాలావి ఏదైనా జరిగినప్పుడే సంకేతం పంపుతాయి, మిగిలిన సమయమంతా మౌనంగా ఉంటాయి. బ్యాటరీ చచ్చిపోతే ఆ సంగతి ప్యానెల్‌కు ఎన్నటికీ తెలియదు. ఖరీదైన వ్యవస్థల్లో సెన్సర్ నిర్ణీత వ్యవధిలో తాను బతికి ఉన్నానని ప్యానెల్‌కు చెబుతుంది, చెప్పకపోతే కీప్యాడ్ మీద తప్పు కనబడుతుంది. గోడలు తవ్వే వీలులేని అపార్ట్‌మెంట్‌లో ఆ రకానికే డబ్బు పెట్టమంటాను. కట్టుబడిలో ఉన్న ఇంటికైతే పైపులు వేసేటప్పుడే వైర్డ్ కేబుల్ లాగించమంటాను, ఎందుకంటే దాని లోపాలు బయటికి వినిపిస్తాయి. చౌక రకం ఇప్పటికే ఉంటే నెలకొకసారి ప్రతి తలుపూ తెరిచి చూడడం తప్ప వేరే దారి లేదు.

లక్షణం: హూటర్ మోగుతుంది, ఫోన్‌కు కబురు రాదు

సిమ్ రీచార్జి గడువు ముగిసి ఉంటుంది. అది కాకపోతే, 2జీ మాత్రమే తెలిసిన పాత ప్యానెల్‌లో జియో సిమ్ వేసి ఉంటారు. జియోకు 2జీ లేదు కనుక అది ఎప్పటికీ పనిచేయదు. వైఫై అలారం అయితే రౌటర్‌కు ఇన్వర్టర్ లైను నుంచి కరెంటు ఇవ్వండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు ఫోన్‌కు ఏ కబురూ రాదు. సంక్రాంతికి ఊరెళ్లే ముందు ఒకసారి కావాలనే అలారం మోగించి, ఫోన్‌కు కబురు వచ్చేదాకా ఆగి చూడండి.

లక్షణం: వానాకాలంలో తలుపు జోన్ మూసుకోదు

చెక్క తలుపు ఉబ్బి, తలుపు మీది మాగ్నెట్‌కూ చట్రం మీది కాంటాక్ట్‌కూ (మాగ్నెట్ దగ్గరుంటే మూసుకునే స్విచ్) మధ్య దూరం మారి ఉంటుంది. మాగ్నెట్ కింద పలుచని పట్టీ పెట్టి దగ్గరకు తీసుకురండి. ఇనుప తలుపు, గ్రిల్లు అయితే ఇనుము మాగ్నెట్ బలాన్ని తగ్గిస్తుంది, వాటికోసం తయారైన పెద్ద కాంటాక్టే వాడాలి.

మిగిలినవి

వేసవిలో గది వేడి 36 డిగ్రీల దగ్గరకు వస్తే మోషన్ సెన్సర్‌కు మనిషికీ గోడకూ తేడా సరిగా తెలియదు, టెంపరేచర్ కాంపెన్సేషన్ (వేడిని బట్టి సున్నితత్వాన్ని సర్దుకునే ఏర్పాటు) ఉన్నది కొంటే చాలావరకు తీరుతుంది. సాలెగూడు నెలకొకసారి తుడవండి. ఎలుక కేబుల్ కొరికితే ఆ జోన్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వెతకడం కష్టం కాదు. పిడుగుకు ప్యానెల్ బోర్డు కాలిపోతే బాగుచేయించే ప్రయత్నం మాని బోర్డు మార్చండి.