కంపెనీ పేజీ అడ్మిన్ యాక్సెస్ చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

"మన పేజీ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?" ఆఫీసులో ఈ ప్రశ్న వినిపించిందంటే ఏదో చిక్కు వచ్చినట్టే. ఫేస్‌బుక్ పేజీకి గానీ, లింక్డిన్ కంపెనీ పేజీకి గానీ విడిగా పాస్‌వర్డ్ అంటూ ఉండదు. ప్రతి ఒక్కరూ తమ సొంత అకౌంట్‌తో లాగిన్ అయి, పేజీలో తమకు ఇచ్చిన హోదా మేరకు పని చేస్తారు. ఇన్‌స్టాగ్రామ్ మాత్రం వేరు, దానికి సొంత యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి. అందుకే ఏ సమస్య వచ్చినా పాస్‌వర్డ్ కోసం వెతికే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. పేజీలో ఫుల్ కంట్రోల్, అంటే మనుషులను చేర్చే, తీసే అధికారంతో సహా పూర్తి హక్కు, ఎవరెవరికి ఉంది? పేజీ ఏ బిజినెస్ పోర్ట్‌ఫోలియోలో (కంపెనీ పేజీలు, యాడ్ అకౌంట్లు ఒకేచోట ఉంచి నిర్వహించే మెటా ఖాతా; మెటా అంటే ఫేస్‌బుక్ యజమాని సంస్థ) ఉంది? కింద చెప్పిన చిక్కుల్లో చాలావరకు ఈ రెండింటి దగ్గరే తేలతాయి.

పోస్టులు పెట్టగలుగుతున్నాం, కొత్తవాళ్లను చేర్చే ఆప్షన్ కనిపించడం లేదు

ముందు తేలికైన కారణం చూద్దాం. మీరు ఇంకా మీ సొంత ప్రొఫైల్‌లోనే ఉండి ఉండొచ్చు. ఫేస్‌బుక్‌లో కుడివైపు పైన ఉన్న మీ ఫొటో నొక్కి, అక్కడి జాబితాలో కంపెనీ పేజీని ఎంచుకుని దానిలోకి మారండి. ఆ మూల మీ ఫొటో పోయి కంపెనీ లోగో రావాలి. అప్పుడు సెట్టింగ్స్‌లోకి వెళ్తే పేజీ యాక్సెస్ అనే భాగం కనిపిస్తుంది. సొంత ప్రొఫైల్‌లో ఉండి ఎంత వెతికినా అది దొరకదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

పేజీలోకి మారాక కూడా మనుషులను చేర్చే వీలు లేకపోతే మీకున్నది పార్షియల్ కంట్రోల్ మాత్రమే. దానితో పోస్టులు, మెసేజ్‌లు, కామెంట్లు చూసుకోవచ్చు గానీ మరొకరికి యాక్సెస్ ఇవ్వలేరు. అసలు పేజీలోకి మారే అవకాశమే లేకుండా, పేజీ పనులు చూసుకునే విడి టూల్ అయిన మెటా బిజినెస్ సూట్‌ లాంటి వాటిలో మాత్రమే పని చేయగలుగుతుంటే అది టాస్క్ యాక్సెస్. రెండు సందర్భాల్లోనూ ఫుల్ కంట్రోల్ ఉన్నవారే మీ హోదా పెంచాలి. లింక్డిన్‌లోనూ ఇంతే. కంటెంట్ అడ్మిన్ పోస్టులు పెడతారు, సూపర్ అడ్మిన్ మాత్రమే మనుషులను చేర్చగలరు, తీయగలరు.

ఇన్విటేషన్ పంపాం, అవతలివారికి పేజీ రాలేదు

పేరు చేర్చగానే పని అయిపోదు. అవతలివారు ఒప్పుకునే దాకా అది పెండింగ్‌లోనే ఉంటుంది. నోటిఫికేషన్ వారి సొంత అకౌంట్‌కు వెళ్తుంది కాబట్టి ఆఫీసు మెయిల్‌లో వెతికితే దొరక్కపోవచ్చు. అదే పేరుతో ఇద్దరు ముగ్గురు ఉంటే వేరే మనిషికి వెళ్లిపోయే ప్రమాదమూ ఉంది. పాత ఇన్విటేషన్ రద్దు చేసి, ఫోన్‌లో మాట్లాడుతూ ప్రొఫైల్ ఫొటో సరిచూసుకుని మళ్లీ పంపండి.

అడ్మిన్ ఉద్యోగం మానేశారు, మిగిలినవాళ్లలో ఎవరికీ ఫుల్ కంట్రోల్ లేదు

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. పేజీ తెరిచిన రోజు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు తమ అకౌంట్‌తో తెరిచేస్తారు. రెండో మనిషిని చేర్చాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

పరిష్కారాల్లో మొదటిది, అన్నిటికంటే వేగమైనది, ఆ వ్యక్తికి ఫోన్ చేయడం. ఉద్యోగం మానేసినా వారి అకౌంట్‌కు యాక్సెస్ అలాగే ఉంటుంది. రెండు నిమిషాల్లో మిమ్మల్ని చేర్చగలరు. మర్యాదగా అడగండి. బెదిరింపు ధోరణిలో మెయిల్ పెడితే దగ్గరి దారి మీరే మూసేసుకున్నట్టు అవుతుంది. వారి పాస్‌వర్డ్ మాత్రం అడగొద్దు. అది వారి సొంత అకౌంట్.

వాళ్లు దొరక్కపోతే పేజీ ఏదైనా బిజినెస్ పోర్ట్‌ఫోలియోలో ఉందేమో చూడండి. ప్రకటనల కోసం ఎప్పుడో అకౌంట్స్ విభాగంవాళ్లు పోర్ట్‌ఫోలియో తెరిచి పేజీని అందులో చేర్చి ఉండొచ్చు. అలా ఉంటే ఆ పోర్ట్‌ఫోలియో అడ్మిన్ మీకు పేజీ అప్పగించగలరు. అదీ లేకపోతే మెటా సపోర్ట్‌ను ఆశ్రయించాలి. గుర్తింపు కార్డు, కంపెనీ రిజిస్ట్రేషన్ పత్రాలు, కంపెనీ తరఫున అడిగే అధికారం మీకుందని లెటర్‌హెడ్ మీద రాసిన లేఖ సిద్ధంగా పెట్టుకోండి. దీనికి సమయం పడుతుంది. ఈలోగా అదే పేరుతో కొత్త పేజీ తెరవొద్దు. ఫాలోవర్లు రెండు చోట్లకు చీలిపోతారు, అసలు పేజీ ఏదో వాళ్లకే అర్థం కాదు.

లింక్డిన్‌లో అడ్మిన్ యాక్సెస్ అడిగే సదుపాయం కంపెనీ పేజీ మెనూలోనే ఉంది. అది కనిపించడం లేదంటే మీ ప్రొఫైల్‌లో ప్రస్తుత ఉద్యోగం చూడండి. కంపెనీ పేరు పక్కన లోగో ఉందా, బూడిద రంగు బొమ్మ ఉందా? బూడిద రంగు బొమ్మ ఉంటే పేరు చేత్తో టైప్ చేసి వదిలేశారన్నమాట, పేజీతో లింక్ కాలేదు. పేరు టైప్ చేస్తున్నప్పుడు కిందకు వచ్చే జాబితాలోంచి మీ కంపెనీని ఎంచుకుని సేవ్ చేస్తే లోగో వస్తుంది. ఆ తర్వాత మళ్లీ ప్రయత్నించండి.

యూట్యూబ్‌లో చానెల్ బ్రాండ్ అకౌంట్ (పలువురు కలిసి నిర్వహించే గూగుల్ అకౌంట్) మీద ఉంటే మరో మెలిక ఉంది. ఇవాళ ఓనర్‌గా చేర్చిన వ్యక్తిని ఇవాళే ప్రైమరీ ఓనర్‌ను చేయడం కుదరదు, 7 రోజులు ఆగాలి. ఎవరైనా మానేస్తున్నారంటే చివరి రోజు దాకా ఆగకుండా వారం పది రోజుల ముందే అప్పగింత మొదలుపెట్టాలి. క్రమం ఎక్కడైనా ఒకటే: ముందు కొత్తవారిని చేర్చాలి, వారు ఒప్పుకుని తమ ఫోన్‌లో తెరిచి చూపించాలి, ఆ తర్వాతే పాతవారిని తీయాలి.

తీసేసిన మనిషి ఇంకా పోస్టులు పెట్టగలుగుతున్నారు

పేజీకి దారులు ఒకటి కంటే ఎక్కువ. పేజీ యాక్సెస్‌లో పేరు తీసేసినా, పోర్ట్‌ఫోలియోలో అదే మనిషికి పేజీ కేటాయించి ఉంటే యాక్సెస్ కొనసాగుతుంది. బిజినెస్ సెట్టింగ్స్‌లో మనుషుల జాబితా, దాని పక్కనే పార్ట్‌నర్ల (మీ పేజీలో పని చేయడానికి యాక్సెస్ ఇచ్చిన బయటి సంస్థల) జాబితా రెండూ చూడండి. ఆ వ్యక్తి ఏదైనా ఏజెన్సీకి మారి ఉంటే, ఆ ఏజెన్సీ ఇంకా మీ పార్ట్‌నర్‌గా ఉంటే, దారి అటునుంచి తెరిచే ఉంటుంది. పోస్టులను ముందుగా షెడ్యూల్ చేసే బయటి టూల్స్‌ కూడా మర్చిపోవద్దు. ఆ టూల్ లాగిన్ వారికి తెలిస్తే చాలు, ఫేస్‌బుక్‌లో పేరు లేకపోయినా పోస్ట్ వెళ్తుంది. యాడ్ అకౌంట్ కూడా విడిగా చూసుకోవాల్సిందే. పేజీలోంచి తీసేసినంత మాత్రాన కంపెనీ కార్డుతో నడిచే ప్రకటనల నుంచి తీసేసినట్టు కాదు.

ఏజెన్సీతో ఒప్పందం ముగిసింది, పేజీ వాళ్ల పోర్ట్‌ఫోలియోలోనే ఉంది

ఒక పేజీకి ఒకే పోర్ట్‌ఫోలియో యజమానిగా ఉంటుంది. సొంత పోర్ట్‌ఫోలియో లేని కంపెనీల పేజీని కొన్ని ఏజెన్సీలు తమ దాంట్లోనే చేర్చేస్తాయి. ఒక్కోసారి అది నిర్లక్ష్యమే తప్ప దురుద్దేశం కాదు. వాళ్లు తమ పోర్ట్‌ఫోలియోలోంచి పేజీని తొలగించాలి, మీరు దాన్ని మీ సొంత పోర్ట్‌ఫోలియోలో చేర్చుకోవాలి. తొలగించే ముందు మీవాళ్లలో కనీసం ఇద్దరికి నేరుగా పేజీ మీద ఫుల్ కంట్రోల్ ఉందని ఖాయం చేసుకోండి. కొత్త ఏజెన్సీ వస్తే పార్ట్‌నర్‌గా, అవసరమైన పనులకే యాక్సెస్ ఇవ్వండి. చివరి బిల్లు చెల్లించే ముందే ఈ అప్పగింత పూర్తి కావాలని నా గట్టి సలహా.

ఉమ్మడి అకౌంట్ లాక్ అయింది

కంపెనీ పేరుతో ఒక నకిలీ ప్రొఫైల్ తెరిచి, నలుగురైదుగురు అదే లాగిన్ వాడటమే కారణం. ఫేస్‌బుక్, లింక్డిన్ రెండూ ప్రొఫైల్ నిజమైన మనిషిదై ఉండాలంటాయి. గుర్తింపు కార్డు చూపమంటే ఆ పేరుతో ఎవరూ ఉండరు. ఇంకో అడ్మిన్ ఉంటే ఆ ప్రొఫైల్‌ను తీయించి, ఎవరి అకౌంట్‌తో వాళ్లు పనిచేసేలా మార్చుకోండి.

ఎవరో తెలియని పేరు అడ్మిన్‌గా కనిపిస్తోంది

ఆలస్యం చేయొద్దు. ఫుల్ కంట్రోల్ వచ్చిన మనిషి పేజీ తెరిచిన మిమ్మల్నే తీసేయగలరు. ముందు ఆ పేరు తొలగించండి. ఆ వెంటనే మిగతా అడ్మిన్‌లందరూ పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైస్‌లలో లాగౌట్ చేసి, టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధ్రువీకరణ కూడా అడిగే రక్షణ) ఆన్ చేయాలి. యాడ్ అకౌంట్‌లో కొత్త ప్రకటనలు మొదలయ్యాయేమో చూసి, మొదలై ఉంటే బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి. లోపలికి రావడానికే వీలు లేకపోతే ఫేస్‌బుక్ వారి హ్యాక్ రిపోర్ట్ పేజీ నుంచి మొదలుపెట్టాలి.

దీని మూలం చాలాసార్లు ఒక మెసేజ్. "మీ పేజీ కాపీరైట్ ఉల్లంఘించింది, 24 గంటల్లో తొలగిస్తాం, ఇక్కడ నొక్కండి" అని ఉంటుంది. అలాంటిది వస్తే లింక్ ముట్టుకోకుండా, పేజీలోకి మారి దాని స్టేటస్ విభాగంలో నిజంగా ఏదైనా ఫిర్యాదు నమోదైందేమో చూడండి. అక్కడ ఏమీ లేకపోతే ఆ మెసేజ్‌ను రిపోర్ట్ చేసి, అడ్మిన్‌లందరికీ దాని స్క్రీన్‌షాట్ పంపండి. అదే మెసేజ్ వాళ్లలో ఇంకొకరికీ వచ్చి ఉండొచ్చు. పోయిన పేజీని డబ్బు తీసుకుని తెచ్చిపెడతామంటూ కామెంట్లలో తిరిగేవాళ్లకు కోడ్ గానీ, గుర్తింపు కార్డు గానీ పంపవద్దు.