ప్రార్థించినా దోషభారం దిగకపోతే: సమస్య - పరిష్కారం

లక్షణం: తప్పు ఒప్పుకొని ప్రార్థన చేసుకున్నారు. అయినా మనసు తేలికపడలేదు. దశమభాగం (రాబడిలో పదోవంతు) పైన ఇంకొంత కానుక వేస్తున్నారు, శుక్రవారం ఉపవాసం పట్టారు, మందిరానికి ఫ్యాన్లు కొనిచ్చారు. రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి వెళ్లాలంటే కాళ్లు రావు.

కారణం: తీరిపోయిన బాకీకి వాయిదాలు కడుతున్నారు. ప్రోనోటు సంగతే చూడండి. గడువు దాటకముందు నోటు వెనక కొంత జమ రాసి సంతకం పెడితే, అప్పిచ్చినవాడికి ఆ తేదీ నుంచి మరో 3 ఏళ్ల గడువు వస్తుంది. జమ కట్టడమంటే బాకీ ఉందని మళ్లీ ఒప్పుకోవడమే. మంచిపనుల్ని దేవునికి జమ రాసేవారికీ ఇదే జరుగుతుంది: ఎంత కడితే బాకీ అంత కొత్తగా గుర్తుంటుంది. కొలొస్సయులకు 2:14 చూడండి. మనమీదున్న పత్రాన్ని దేవుడే సిలువకు మేకులతో కొట్టేశాడు. ఇక జమ రాయడానికి నోటు ఎక్కడుంది?

పరిష్కారం: తప్పును దాని పేరుతో ఒప్పుకోండి. "తెలిసీ తెలియక చేసిన పాపాలు" అని గంపగుత్తగా కాదు. మీరు రైతుల దగ్గర సరుకు కొనే వ్యాపారి అనుకుందాం, "కాటాలో బస్తాకు 2 కిలోలు తగ్గించి చూపాను ప్రభువా" అనాలి. పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడనే 1 యోహాను 1:9 చదివి ఆమేన్ అనండి. మర్నాడు అదే గుర్తొస్తే మళ్లీ క్షమించమని అడక్కండి, క్షమించినందుకు స్తుతించండి. మామూలు కానుక మానొద్దు. భయంతో మొదలెట్టిన అదనపు మొక్కుబడులు మాత్రం ఆపండి.

ఇంత చేసినా దిగలేదా? అయితే బాకీ దేవుని దగ్గర లేదు, రైతు దగ్గర ఉంది. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే: దేవునికి కట్టక్కర్లేనిది కడతారు, మనిషికి కట్టాల్సింది ఎగ్గొడతారు.

పలాస, ఉద్దానం వైపు జీడి పిక్కలు 80 కిలోల బస్తా లెక్కన కొంటారు. 40 బస్తాల మీద బస్తాకు 2 కిలోలు నొక్కేస్తే 80 కిలోలు, రైతుకు నిండు బస్తా పోయినట్టే. లేవీయకాండము 6:5 అసలు మీద అయిదోవంతు కలిపి ఇమ్మంటుంది. 80కి 16 కలిపితే 96 కిలోల ధర. అప్పటి ధరా, ఇప్పటి ధరా అంటే, ఏది ఎక్కువైతే అదే కట్టండి. ఇక్కడ బేరం తగదు.

ముందు ఎవరికెంతో కాగితం మీద వేసుకోండి. ఇంట్లో చెప్పండి, లేకపోతే డబ్బు దగ్గర గొడవై ఆగిపోతుంది. రైతు ఇంటికి మీరే వెళ్లండి. "పొరపాటు జరిగింది" అనకుండా "మోసం చేశాను" అనండి. డబ్బు చేతికివ్వండి. ఆ డబ్బును కానుకల సంచిలో వేస్తే చెల్లదు. ముందు సహోదరునితో సమాధానపడి తర్వాత అర్పణ తెమ్మని మత్తయి 5:24 చెబుతోంది. రైతు పోయి ఉంటే వారసులకివ్వండి. తీసుకోవడానికి ఎవరూ లేకపోతేనే యాజకునికి, సంఖ్యాకాండము 5:8 ప్రకారం. రైతు క్షమించనంటే అది ఆయన ఇష్టం, డబ్బు మాత్రం ఇచ్చి రండి.

ఇదీ దేవునికి జమ రాసే మంచిపనే కదా అనుకోవచ్చు. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్యను చూడండి: యేసు ముందు చెట్టు దిగమని పిలిచి, నీ ఇంట ఉంటానన్నాడు. నాలుగంతలు తిరిగిస్తానన్న మాట ఆ తర్వాత వచ్చింది. ఈ వరస తిరగబడితే మళ్లీ జమల దగ్గరికే వస్తారు.

లక్షణం: "కృప ఉంది కదా" అని కాటా ఇంకా అలాగే నడుస్తోంది. కృప ఉందని పాపంలో ఉండిపోకూడదనే రోమీయులకు 6:1, 2 చదివి, కాటాను ఈరోజే సరిచేయించండి.

లక్షణం: ఫలానా తప్పని చెప్పలేరు, కానీ నిద్ర, ఆకలి పోయి రెండు వారాలు దాటింది, బతకడం దండగనిపిస్తోంది. ఇందులో పాపం వెతకొద్దు, ఇది జబ్బు కావచ్చు. డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. పాస్టరు అయ్యగారి ప్రార్థన, డాక్టరు మందు రెండూ ఒకేసారి నడవనివ్వండి.