అంటువ్యాధితో బడి మూతపడినా ప్రత్యేక అవసరాల పిల్లల నిధులు ఆగకుండా చూసుకోవడం ఎలా?

2020 మార్చిలో బడులు మూసేశాక ప్రత్యేక అవసరాల పిల్లలకు పాఠాలతో పాటు భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే వనరుల కేంద్రం) జరిగే ఫిజియోథెరపీ, వినికిడి యంత్రం మరమ్మతు, ఐఈఆర్పీ (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్) దగ్గర కూర్చుని నేర్చుకునే గంటలు కూడా దూరమయ్యాయి. డబ్బు కొరత ఒక్కటే దీనికి కారణం కాదు. రవాణా, ఎస్కార్ట్ (బిడ్డను బడికి తోడు తెచ్చేవారికిచ్చే) భత్యాల వంటివి బడికి వస్తేనే ఖర్చయ్యే పద్దులు. అవసరం ఇంటికి మారినా పద్దు బడి గేటు దాటదు. దాన్ని దాటించే పని హెచ్‌ఎం, ఐఈఆర్పీ, తల్లిదండ్రుల కమిటీ కలిసి చేయాలి. అందులో సగం బడి మూతపడక ముందే పూర్తి కావాలి.

ముందు పేర్లు

కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి బడి విద్యా పథకం సమగ్ర శిక్షలో, సమ్మిళిత విద్య (ప్రత్యేక అవసరాల పిల్లలకు మిగతా పిల్లలతో కలిపి చదువు) కింద ఒక్కో బిడ్డకు ఏడాదికి 3,500 రూపాయల దాకా లెక్కగడతారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. ఈ మొత్తాన్ని బిడ్డ చేతికి ఇవ్వరు. ఉపకరణాలు, శిబిరాలు, బోధన సామగ్రి వంటివాటికి వాడతారు. బడుల వివరాలు నమోదయ్యే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో సెప్టెంబరు 30 నాటికి బిడ్డ పేరు, వైకల్యం రకం నమోదు కాకపోతే మరుసటి ఏడాది ప్రణాళికలో ఆ బిడ్డ కనిపించదు.

చాలా బడుల్లో జరిగే పొరపాటు, వైకల్య సర్టిఫికెట్ వచ్చాక నమోదు చేద్దామని ఆగడం. అంటువ్యాధి వేళ సర్టిఫికెట్ శిబిరాలే ఆగిపోతాయి. వైకల్యాల తొలి గుర్తింపుకు ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన ప్రశస్త్ యాప్‌లోని ప్రశ్నావళితో టీచరే తొలి గుర్తింపు చేసి, ఐఈఆర్పీకి చూపించాలి. అది రోగనిర్ధారణ కాదు, ఆ మాట తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పాలి.

అమ్మాయిలకు నెలకు 200 చొప్పున 10 నెలల స్టైపెండ్ విడిగా, నేరుగా ఖాతాకు వెళ్తుంది. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా స్తంభించవచ్చు. ఆధార్‌లో, బ్యాంకులో పేరు వేర్వేరుగా ఉంటే జమ వెనక్కి పోవచ్చు. ఈ రెండూ ముందే సరిచూడండి.

పద్దు మార్చే లేఖ

ఒక పద్దు డబ్బును ఇంకో పద్దుకు మార్చే అధికారం హెచ్‌ఎంకు లేదు. మంచి ఉద్దేశంతో మార్చినా ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది, తర్వాతి విడత ఆగవచ్చు. అందుకే కమిటీ తీర్మానం చేసి, ఎంఈఓ (మండల విద్యాధికారి) ద్వారా జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయానికి లేఖ పంపాలి. అందులో పిల్లల సంఖ్య, పద్దు పేరు, మిగిలిన మొత్తం, దాన్ని దేనికి వాడతారు, ఒక్కో బిడ్డకు ఎంత అవుతుంది, ఎప్పటిలోగా ఖర్చవుతుంది అన్నవి ఉండాలి. 'పిల్లలకు సాయం కోసం' అని మొత్తంగా రాస్తే లేఖ ఫైల్లోనే ఉండిపోతుంది. చట్టపరమైన ఆధారం కూడా రాయండి: తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలు ఇంటివద్ద విద్యను ఎంచుకునే హక్కు విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణలో ఉంది. విపత్తుల్లో సమాన రక్షణ 2016 వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్‌లో ఉంది.

అనుమతి వచ్చేలోగా కాంపోజిట్ గ్రాంటు (బడి నిర్వహణకు ఏటా వచ్చే సొమ్ము) అక్కరకొస్తుంది. 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి అది ఏడాదికి 50,000. అందులో కనీసం 10 శాతం, అంటే 5,000, పరిశుభ్రతకు పోవాలి. మిగిలిన దాంట్లోంచి పెద్దక్షరాల వర్క్‌షీట్లు, బోధన సామగ్రి కొనవచ్చు. వ్యక్తిగత భత్యాలు మాత్రం దీంట్లోంచి ఇవ్వకూడదు.

దేనికి ముందు ఖర్చు పెట్టాలి?

చేతికి ట్యాబ్ ఇస్తే పని అయిపోయినట్టు చాలామంది అనుకుంటారు. కానీ ఆలస్యమైతే తిరిగి సరిచేయలేని వాటికే మొదటి రూపాయి వెళ్లాలి.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు వారాల తరబడి ఫిజియోథెరపీ ఆగితే కండరాలు బిగుసుకుని కీళ్లు వంగిపోతాయి. వాటిని మళ్లీ సాగదీయడం కష్టం, కొన్నిసార్లు శస్త్రచికిత్సే గతి. కాబట్టి ఫిజియోథెరపిస్టు ఇంటికొచ్చే దారి ఖర్చుదే తొలి స్థానం. రాలేని వారాల్లో తల్లి చేయించాల్సిన నాలుగైదు వ్యాయామాలను ఆ బిడ్డతోనే వీడియో తీసి ఇవ్వాలి. ఎంతకు మించి బలంగా లాగకూడదో అందులో చూపించాలి. క్యాలిపర్ (కాలికి ఆసరాగా తొడిగే పట్టీ) ఒరుసుకుని చర్మం ఎర్రబడితే తీసేసి కబురు పెట్టమనాలి. పిల్లలు ఎదుగుతారు కాబట్టి ఏడాది కిందటి కొలత ఇప్పుడు సరిపోదు.

వినికిడి యంత్రానికి వాడే జింక్ ఎయిర్ బ్యాటరీ వాడకాన్ని బట్టి ఒకటి రెండు వారాలే వస్తుంది. స్టిక్కర్ తీసిన క్షణం నుంచి వాడకపోయినా ఖర్చవుతుంది. మూడు నెలలకు సరిపడా ఇచ్చి, స్టిక్కర్లు తీయొద్దని చెప్పాలి. యంత్రం కూత పెడుతుంటే తరచూ చెవి అచ్చు (యంత్రాన్ని చెవిలో పట్టి ఉంచే భాగం) వదులైందని అర్థం, యంత్రం చెడిందని కాదు. పెదాల కదలిక చూసి అర్థం చేసుకునే పిల్లల కోసం టీచర్లకు పారదర్శక మాస్కులు కొనండి.

బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్న పిల్లలకు ఒక నెలకు మూడు లక్ష్యాలు చాలు: బొత్తాం పెట్టుకోవడం, పది దాకా వస్తువులు లెక్కించడం లాంటివి. ఒక్కోసారి కూర్చోబెట్టి నేర్పేది పది పదిహేను నిమిషాలు మించకూడదు, రోజూ అదే వేళకు జరగాలి. సామగ్రి ఇంట్లో ఉన్న పప్పులు, చెంచాలు, బట్టలే. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంది. థెరపీ ఖర్చులో కొంత దాంతో తీరుతుంది.

చూపు తక్కువగా ఉన్న పిల్లల షీట్లు 18 పాయింట్లకు తగ్గకుండా, మెరుపు లేని కాగితంపై అచ్చు వేయించాలి. ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షలో ఆడియో, సైగల భాష పాఠాలున్నాయి. నెట్ లేని ఇళ్లకు మెమరీ కార్డులో ఎక్కించి ఇవ్వండి.

కాగితాలు

ప్రతి ఇంటి సందర్శనకు తేదీ, బిడ్డ పేరు, చేసిన పని, తల్లి సంతకం ఒకే వరుసలో ఉండే రిజిస్టరు పెట్టండి. వోచరు నంబరు అదే వరుసలో రాస్తే యూసీ (నిధుల వినియోగ ధ్రువపత్రం) ఒక్క పూటలో తయారవుతుంది. ఫిబ్రవరి నెలాఖరుకే యూసీ పంపండి. మార్చి 31 దాటితే వాడని డబ్బు వెనక్కి పోతుంది, ఆ మిగులును చూసి మరుసటి ఏడాది కోత పెట్టవచ్చు. పద్దు మార్చే లేఖకు 30 రోజుల్లో జవాబు రాకపోతే, అందిన రశీదు నకలు జతచేసి రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. ఆ విచారణ అధికారం 2016 చట్టం 80వ సెక్షన్ ఇచ్చింది.