పెళ్లి ఫొటోలకు బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము ఎంచుకోవడం ఎలా?

1. కెమెరా సంగతి త్వరగా తేల్చేద్దాం. 35 ఎంఎం బాడీ, ఎఫ్/2 వరకు తెరుచుకునే లెన్సు, కొత్త బ్యాటరీలు, మార్కర్ పెన్ను. మార్కర్ ఎందుకో ముందుముందు చెబుతాను.

2. ఫిల్ము ఒక్కటే రకం, 400 ఐఎస్ఓ (వెలుతురుకు ఫిల్ము ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకె, దీన్నే స్పీడు అంటారు). ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ గానీ కోడక్ ట్రై-ఎక్స్ గానీ తీసుకోండి. నా ఓటు హెచ్‌పీ5కే. కాంట్రాస్ట్ కాస్త మెత్తగా ఉంటుంది, పుష్ చేసినా, అంటే అసలు స్పీడు కంటే పెద్ద అంకె పెట్టి తీసి డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచినా, తట్టుకుంటుంది. గ్రెయిన్ (ఫొటోలో కనిపించే చుక్కలు) సన్నగా ఉంటుందని 100 ఐఎస్ఓ రోళ్లు మోసుకెళ్లేవాళ్లుంటారు. పెళ్లిలో ఎవరూ బొమ్మల్లా నిలబడరండీ! కదిలిపోయిన ఫొటోలో గ్రెయిన్ ఎంత సన్నగా ఉంటే ఏం లాభం? ఇల్ఫోర్డ్‌దే ఇంకో ఫిల్ము డెల్టా 3200కి ఆ అంకె పేరులోనే ఉంది. ఇల్ఫోర్డ్ లెక్క ప్రకారమే దాని అసలు స్పీడు 1000. గ్రెయిన్ మాత్రం లావు.

3. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: రోలును ఏ స్పీడులో తీయాలి? రోలు మొత్తం ఒకేసారి డెవలప్ అవుతుంది కాబట్టి మొదటి ఫ్రేముకు ముందే తేల్చుకోవాలి. సగం రోలు 400లో, సగం 1600లో తీస్తే ఏదో ఒక సగం పాడవుతుంది.

ఆరుబయట 400 చాలు. 200 పెట్టి మామూలుగా డెవలప్ చేయించినా నష్టం లేదు, నీడల్లో వివరం పెరుగుతుంది. నెగటివ్ వెలుతురు ఎక్కువైతే ఓర్చుకుంటుంది, తక్కువైతే ఓర్చుకోదు.

లోపల వెలుతురు చాలకపోతే 1600, అంటే రెండు స్టాపుల పుష్ (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం). డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచితే తెలుపులు గట్టిపడతాయి. వెలుతురు చేరని నీడలు మాత్రం ఖాళీగానే మిగులుతాయి. పుష్ చేస్తే ఫిల్ము స్పీడు నిజంగానే పెరుగుతుందనుకోవడం భ్రమ. దానికి తోడు, తెల్ల బట్టలు ఫ్రేము నిండా ఉంటే కెమెరా మీటరు వాటిని బూడిదరంగుగా లెక్కగట్టి వెలుతురును ఇంకా తగ్గిస్తుంది. బట్టలు బూడిదరంగు, ముఖాలు నలుపు. అందుకే 1600లో మీటరింగ్ ముఖానికే చేయాలి. మీద పడే వెలుతురును కొలిచే ఇన్సిడెంట్ మీటరుంటే ముఖం దగ్గర పెట్టి, కెమెరా వైపు తిప్పి చూడండి. లేకపోతే ముఖం ఫ్రేము నిండేంత దగ్గరకెళ్లి చూడండి. లేత రంగు చర్మమైతే వచ్చిన రీడింగ్‌కు ఒక స్టాపు ఎక్కువ ఇవ్వండి.

ఇంకో ఉచ్చు ఉంది. డబ్బా మీద స్పీడును తెలిపే డీఎక్స్ కోడ్‌ను చదివే కెమెరా రోలు పెట్టగానే 400కి వెళ్లిపోతుంది. స్పీడును చేత్తో మార్చి, మళ్లీ ఒకసారి చూసుకోండి. రెండో బాడీ ఉంటే ఒకటి 400కి, ఒకటి 1600కి కేటాయించండి.

4. 1600లో తీసిన రోలు బయటికి తీయగానే డబ్బా మీద మార్కర్‌తో "1600" అని రాయండి. ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు "రెండు స్టాపులు పుష్" అని నోటితోనూ చెప్పండి, కవరు మీదా రాయించండి. చెప్పకపోతే వాళ్లు మామూలు 400 లాగే కడిగేస్తారు.