నాలుగింటికల్లా బండి ఆగాలి: అడిలైడ్ నుంచి పెర్త్‌కు క్యాంపర్‌వ్యాన్‌లో ఇద్దరు

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో మొదలుపెట్టి, ఐర్ ద్వీపకల్పం చుట్టి, నల్లార్‌బార్ మైదానం దాటి, ఎస్పరెన్స్, ఆల్బనీల మీదుగా పెర్త్ చేరే దారి సుమారు 3,500 కిలోమీటర్లు. పడకా, వంటగదీ ఉన్న క్యాంపర్‌వ్యాన్‌లో ఇద్దరికి 14 రోజులు బొటాబొటి, 16 రోజులైతే హాయి. ఈ దారికి పెట్టుకోవాల్సిన నియమం ఒక్కటే: పొద్దున ఎండ వచ్చాక బయలుదేరాలి, సాయంత్రం నాలుగింటికల్లా బండి ఆపేయాలి. కంగారూలు రోడ్డు మీదికొచ్చేది పొద్దు వాలేటప్పుడూ, తెల్లవారుజామునా. ఆ వేళ మీరు స్టీరింగ్ పట్టుకుని ఉంటే అవి ప్రమాదం. కుర్చీ వేసుకుని టీ తాగుతూ ఉంటే మీరు ఇంత దూరం వచ్చింది వాటిని చూడ్డానికే. చాలా అద్దె ఒప్పందాల్లో కూడా ఊరి బయట రాత్రి నడిపితే ఇన్సూరెన్స్ వర్తించదని ఉంటుంది. సంతకానికి ముందు ఆ పేరా వెతికి చదవండి.

నెలల్లో ఆగస్టు చివర, సెప్టెంబరు మేలు. సదరన్ రైట్ తిమింగలాలు ఇంకా తీరాన్నే ఉంటాయి, పశ్చిమాన అడవిపూలు విచ్చుకుంటాయి, పగలు ఎండ చురుక్కుమనదు. రాత్రిళ్లు మాత్రం గజగజ వణికిస్తాయి. ఇద్దరికీ మందపాటి రగ్గులు ఉన్నాయో లేదో బండి తీసుకునే చోటే చూసుకోండి. చలికి కిటికీలన్నీ బిగించి పడుకుంటే పొద్దున్నకి పరుపు అంచులు తడిసిపోతాయి. అది ఇద్దరి ఊపిరిలోని తేమే. ఎదురెదురు కిటికీలు రెండు వేళ్ల మందం తెరిచి ఉంచితే చాలు.

బండి తీసుకునేటప్పుడు

ఇండియా లైసెన్స్‌తో పాటు మన ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా దగ్గరుంచుకోండి, ఏడాది పనిచేస్తుంది. అక్కడా మనలాగే ఎడమ పక్కనే నడపాలి కాబట్టి చేతులకి కొత్త ఉండదు. ఒప్పందంలో ఇద్దరి పేర్లూ డ్రైవర్లుగా రాయించండి. రెండు గంటలకోసారి చేతులు మారాల్సిన దారి ఇది. మట్టిరోడ్ల మీద ఎంతవరకు అనుమతి, జంతువు గుద్దుకుంటే ఎంత కట్టాలి, పైకప్పూ బండి అడుగూ దెబ్బతింటే కవర్ అవుతుందా అన్న మూడు ప్రశ్నలకీ రాతలో జవాబు ఉండాలి.

తాళాలు చేతికొచ్చాక గంట సేపు అక్కడే ఉండండి. నాలుగు వైపులా, పైకప్పూ, టైర్లూ వీడియో తీయండి. స్టెప్నీలో గాలి ఉందా, జాకీ ఎక్కడుంది, సింక్ పంపు నీళ్లు లాగుతోందా, స్టవ్ రెండు బర్నర్లూ వెలుగుతున్నాయా చూడండి. బండి ఎత్తు ఎంతో కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డుకి అంటించండి. హై-టాప్ వ్యాన్‌లు ఎక్కువగా దెబ్బతినేది షాపింగ్ సెంటర్ల పార్కింగ్ కప్పుల కిందే.

కరెంటు సంగతి అర్థం చేసుకోకపోతే రెండో రోజుకి ఫ్రిజ్‌లో పాలు విరుగుతాయి. ఇంజన్ బ్యాటరీ వేరు, ఇంటి సామాన్లకి ఉన్న బ్యాటరీ వేరు. ఈ రెండోది సాధారణంగా 100 ఆంపియర్ అవర్ (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) ఏజీఎం రకం, అంటే సీలు వేసిన లెడ్-యాసిడ్ బ్యాటరీ. అందులో సగమే వాడుకోవాలి, అంతకంటే కిందకి దించితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. ఫ్రిజ్ ఒక్కటే రోజుకి 30 నుంచి 40 ఆంపియర్ అవర్ దాకా లాగేస్తుంది. అంటే బండి కదలకుండా ఒక రాత్రి పర్వాలేదు, రెండు రాత్రులు కష్టం. మీటరులో 12.7 వోల్టులంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. అక్కడికి వస్తే ఇంజన్ నడపడమో, 240 వోల్టుల ప్లగ్ ఉన్న క్యారవాన్ పార్కులో (ఇలాంటి బండ్లు రాత్రి ఆగే చోటు) దిగడమో చేయాలి. ప్రతి మూడో రాత్రి అలాంటి పార్కులో ఆగితే బ్యాటరీ నిండుతుంది, వేడి నీళ్ల స్నానం, బట్టలుతకడం కూడా అయిపోతాయి. ఇండక్షన్ స్టవ్ ఆ ప్లగ్ దగ్గరే పనికొస్తుంది, ఇంటి బ్యాటరీ దాన్ని మోయలేదు.

వంటా, చెక్‌పోస్టూ

రెండు లీటర్ల చిన్న కుక్కర్ ఒకటి చాలు. అన్నం, పప్పు ఒకేసారి అయిపోతాయి, గ్యాస్ కలిసొస్తుంది. పోపు మాత్రం బయట పెట్టండి. లోపల ఎండుమిరపకాయ వేగితే ఆ ఘాటు మూడు రోజులు దిండ్లని వదలదు. పొగ అలారం మోత సంగతి చెప్పక్కర్లేదు. వండేటప్పుడు తలుపు తెరిచి ఉండాలి, చలికాచుకోవడానికి స్టవ్ ఎప్పుడూ వెలిగించకూడదు, కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు. బండి కదిలే ముందు సిలిండర్ దగ్గరే గ్యాస్ కట్టేయాలి.

ఇండియా నుంచి తెచ్చే తిండి ఏదైనా విమానంలో ఇచ్చే కార్డులో రాసి చూపించండి. ఆవకాయ జాడీ దాచి దొరికితే జరిమానా, చూపిస్తే మహా అయితే జాడీ పోతుంది. పచ్చి కరివేపాకు జోలికి పోవద్దు. సరుకులు అడిలైడ్‌లోని ఇండియన్ షాపుల్లో కొనుక్కోవడం సుఖం.

దేశం లోపల ఇంకో చెక్‌పోస్టు ఉంది, చాలామంది దెబ్బతినేది అక్కడే. పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దు దాటగానే బండి ఆపి ఫ్రిజ్, అరలు అన్నీ చూస్తారు. పచ్చి కూరగాయలు, పళ్లు, తేనె, మొలకెత్తే గింజలు తీసేసుకుంటారు. అందుకని ముందు రాత్రి ఉన్న టమాటాలు, వంకాయలు అన్నీ కలిపి ఒక పులుసు కాచేయండి. వండినదాన్ని సాధారణంగా వదిలేస్తారు, అయినా అడక్కముందే చూపించండి. అటునుంచి ఇటు వచ్చేవాళ్లకి ఇలాంటి తనిఖీయే నల్లార్‌బార్‌కి ఇవతల, దక్షిణ ఆస్ట్రేలియాలోని సెడూనా ఊళ్లో ఉంటుంది.

నీళ్ల లెక్క సెడూనాలోనే తేల్చుకోవాలి. అక్కణ్నుంచి మైదానానికి అవతలి చివరనున్న నార్స్‌మన్ దాకా సుమారు 1,200 కిలోమీటర్ల పొడవునా రోడ్‌హౌస్‌లు (బంకూ, తిండీ, బసా ఉండే మజిలీలు) ఉచితంగా ట్యాంకు నింపవు, వాళ్లకే నీళ్లు కరువు. నాలుగు రోజులకి ఇద్దరికి తాగడానికి 32 లీటర్లు, వంటకి 20 అనుకోండి. అంట్లు తోమడానికి బండి ట్యాంకు నీళ్లు, తాగడానికి వేరే పది లీటర్ల క్యాన్లు. క్యాన్లు వెనక చక్రాలకి దగ్గరగా, కింద పెట్టాలి. పై అరలో పెడితే బ్రేకు వేసినప్పుడు ముందుకొచ్చి పడతాయి.

నల్లార్‌బార్ మీద

డీజిల్ 100 కిలోమీటర్లకి 11 లీటర్ల చొప్పున మొత్తం 385 లీటర్ల దాకా తాగుతుంది. బంకుల మధ్య పెద్ద ఖాళీలు మూడు: నల్లార్‌బార్ రోడ్‌హౌస్ నుంచి బోర్డర్ విలేజ్, కైగునా నుంచి బల్లడోనియా, బల్లడోనియా నుంచి నార్స్‌మన్. మూడూ 180, 190 కిలోమీటర్ల లెక్కలోవే. సగం ట్యాంకు అయితే నింపడమే, ధర చూసి వెనకాడొద్దు. ఎదురుగాలి ఉన్న రోజు వాడకం అమాంతం పెరుగుతుంది.

కైగునా, బల్లడోనియాల మధ్య 146.6 కిలోమీటర్లు రోడ్డు ఎక్కడా మలుపు తిరగదు. నిద్ర పట్టేది అక్కడే. పరిమితి గంటకి 110 అయినా 90 దగ్గర ఉంచండి. 36 మీటర్ల పొడవు దాటే రోడ్‌ట్రెయిన్‌లు (వెనక ట్రెయిలర్లు తగిలించిన లారీలు) ఎదురొస్తాయి, పక్కగా పోయేటప్పుడు గాలి వ్యాన్‌ని తోసేస్తుంది. రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉండాలి. వెనకనుంచి వస్తే వేగం పెంచకుండా, నేరుగా పోతూ, దాటనివ్వండి. టెల్‌స్ట్రా సిమ్ తీసుకోండి, అయినా చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. మ్యాప్‌లు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

గడియారం కూడా చూసుకోవాలి. సెప్టెంబరులో దక్షిణ ఆస్ట్రేలియా కంటే, సరిహద్దు దాటగానే వచ్చే యూక్లా ఊరు 45 నిమిషాలు వెనక, పెర్త్ యూక్లా కంటే మరో 45 నిమిషాలు వెనక. పశ్చిమానికి పోతున్న కొద్దీ గడియారం ప్రకారం పొద్దు త్వరగా కుంకుతుంది. ఫోన్ సరిగ్గా మారిందో లేదో తెలియక నాలుగింటి నియమం తప్పేది ఇక్కడే. సూర్యాస్తమయానికి గంటన్నర ముందు ఆగుతామని లెక్క పెట్టుకోండి.

నల్లార్‌బార్ రోడ్‌హౌస్‌కి కొద్ది దూరం ముందు హెడ్ ఆఫ్ బైట్‌కి దారి చీలుతుంది. టికెట్ కొని కొండచరియ మీది చెక్కబాటలో నడిస్తే కింద నీళ్లలో తల్లి తిమింగలాలూ పిల్లలూ. గుర్తుపట్టడం సులువు: వీపు మీద రెక్క ఉండదు, తల మీద తెల్లటి గరుకు మచ్చలు, ఊపిరి వదిలితే ‘వి’ ఆకారంలో నీటి తుంపర. చుట్టూ చూపు తిప్పకుండా ఒక తల్లినే అరగంట చూడండి. పిల్ల ఆమె వీపు మీదికెక్కి జారడం, పక్కకి తిరిగి రెక్క ఎత్తడం అప్పుడే దొరుకుతాయి. బైనాక్యులర్ ఇద్దరికీ చెరొకటి ఉంటే గొడవ ఉండదు.

రోడ్డు మీద జంతువులు

కంగారూ అడ్డొస్తే నేరుగా బ్రేకు వేయండి, పక్కకి తిప్పొద్దు. జంతువుని తప్పించబోయి బండి పల్టీ కొడితే నష్టం ఇంకా పెద్దది. ఒకటి దాటిందంటే వెనక ఇంకొకటి ఉంటుందనుకోవాలి. గద్ద సంగతి వేరు. చచ్చిన కంగారూని తింటున్న వెడ్జ్-టెయిల్డ్ ఈగిల్ రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటుతుంది. పొట్ట నిండితే చప్పున లేవలేదు, గాలికి ఎదురుగా పరుగెత్తి లేస్తుంది, అంటే ఒక్కోసారి మీ అద్దం వైపే. దూరాన్నుంచే హారన్ కొట్టి వేగం 50కి దించండి.

అక్కడి వసంతంలో, అంటే సెప్టెంబరులో, రోడ్డు మీద ఎండకి పడుకునే షింగిల్‌బ్యాక్ బల్లి ఎండిన దేవదారు కాయలా ఉంటుంది, తోకా తలా ఒకలాగే. ఆడ, మగ జంటగా తిరుగుతాయి, ఏటా అదే జోడీ మళ్లీ కలుస్తుంది. ఒకటి కనబడితే రెండోది పక్క గడ్డిలో ఉండొచ్చు. ఐర్ ద్వీపకల్పంలోని కాఫిన్ బే దగ్గర చారల పిల్లలతో నడిచే పెద్ద ఈమూ తల్లి కాదు, తండ్రి. గుడ్లు పొదిగేదీ, పిల్లల్ని పెంచేదీ అతనే. పిల్లలున్నప్పుడు బండి దిగొద్దు.

కంగారూ గుద్దుకుంటే హజార్డ్ లైట్లు వేసి పక్కకి ఆపి, రోడ్డు ఖాళీగా ఉందా చూసుకుని వెళ్లండి. చనిపోయింది ఆడదైతే సంచిలో పిల్ల ఉండొచ్చు. చనుమొన నోట్లో ఉన్న పిల్లని లాగితే నోరు చీలుతుంది, లాగొద్దు. విడిగా ఉన్నదైతే బట్టలో చుట్టి చీకట్లో, వెచ్చగా ఉంచండి. ఆవుపాలు పట్టొద్దు. రెండు రాష్ట్రాల వన్యప్రాణి సహాయ నంబర్లూ బయలుదేరే ముందే ఫోన్‌లో పెట్టుకోండి. మనుషుల అత్యవసరానికి 000.

పాము కాటుకి సాగే కట్టు, 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పుది, రెండు చుట్టలు చేతికందే చోట ఉండాలి. కాటు కడగొద్దు, కోయొద్దు. ముందు కాటు మీద, తర్వాత వేళ్ల నుంచి పైదాకా గట్టిగా చుట్టి, కదలకుండా పక్కన కట్టె ఆనించి కట్టి, మనిషిని ఒక్క అడుగు కూడా వేయనీయకుండా 000కి ఫోన్ చేయాలి.

లక్కీ బే, ఆపైన

ఎస్పరెన్స్‌కి అవతల 60 కిలోమీటర్ల దూరంలో లక్కీ బే. తెల్లటి ఇసుక మీదికి కంగారూలు సముద్రపు నాచు కోసం వస్తాయి. క్యాంపు ముందే ఆన్‌లైన్లో బుక్ చేయాలి, పార్కు ప్రవేశ రుసుం వేరే. బ్రెడ్డు ముక్క కూడా పెట్టొద్దు. మెత్తటి తిండితో వాటికి దవడలో పుండు లేచి చావొచ్చు. బీచ్ మీద ఫోర్-వీల్ బండ్లు తిరుగుతుంటే మీ వ్యాన్‌ని కూడా దింపాలనిపిస్తుంది. ఇసుకలో చక్రం దిగిందంటే లాగే ఖర్చు మీదే.

పెర్త్‌లో బండి అప్పగించే ముందు డంప్ పాయింట్‌లో (మురుగు పారబోసే చోటు) సింక్ నీళ్ల ట్యాంకు, టాయిలెట్ ఉంటే దాని క్యాసెట్ (కింది డబ్బా) ఖాళీ చేసి, డీజిల్ నింపి, ఆ రసీదు ఫోటో తీసుకోండి. మొదటి రోజు తీసిన వీడియో దగ్గర పెట్టుకునే కౌంటర్‌కి వెళ్లండి.